మద్దమ్మ దారం

ప్రణీతకు శుభ్రం పిచ్చి. పాస్టరు భార్యగా కోడుమూరు పక్కనున్న ఆ నేతపల్లెకు వచ్చిన మొదటి వారంలోనే చర్చి కిటికీల బూజు దులిపింది, చాపలన్నీ ఉతికి గోడ మీద ఎండేసింది, హార్మోనియం మెట్ల సందుల్లో ఏళ్లనాటి దుమ్మును చీపురుపుల్లతో గీకి తీసింది. చూసినవాళ్లు కొత్త అమ్మగారు మంచి పనిమంతురాలని మెచ్చుకున్నారు. మెచ్చుకోలు వింటే ఎవరికైనా చేతులు ఇంకాస్త చురుగ్గా ఆడతాయి కదా, ఆమెకూ అంతే అయింది.

అలాంటి మనిషి కంట స్త్రీల సమాజం వాళ్ల పుస్తకం పడింది. ఇంక ఊరుకుంటుందా?

పుస్తకం పేరు 'తరగని నూనె'. క్రైస్తవ స్త్రీలకు విశ్వాసంలో ధైర్యం చెప్పడానికి ఎప్పుడో ఎవరో అచ్చు వేయించారు. వేయించినవాళ్ల పేరున్న కాగితం చిరిగిపోయి చాలా కాలమైంది. వారానికొకటి చొప్పున యాభై రెండు పాఠాలు. ఒక్కో పాఠంలో బైబిలు వాక్యంలోని ఒక స్త్రీ కథ, దాని కింద నాలుగు ఓదార్పు మాటలు, చివర చిన్న ప్రార్థన. ప్రతి పాఠమూ 'ప్రియమైన సహోదరీ' అనే మొదలవుతుంది. ఇప్పుడు తెల్లారేసరికి ఫోన్లలోకి పువ్వుల బొమ్మలతో సహా వాక్యాలు వచ్చి పడుతున్నాయి గనక ఇలాంటి పాత పుస్తకాలంటే చదువుకున్నవాళ్లకు కొంచెం చిన్నచూపే. వాళ్ల ఇష్టం. ఈ ఊరి ఆడవాళ్లు మాత్రం ముప్పై ఏళ్లుగా ఆ ఒక్క పుస్తకాన్నే ఆనుకుని బతుకుతున్నారు. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు చర్చిలో చేరతారు. చదువు వచ్చినామె ఒకరు చదువుతారు, మిగతావాళ్లు వింటారు.

దాన్ని ఈ ఊరికి తెచ్చింది కృపమణి టీచరమ్మ. ఆమె బడి టీచరు కాదు. సంచి భుజానికి తగిలించుకుని ఊరూరా నడిచి, ఇంటింటి గడపలో కూర్చుని ఆడవాళ్లకు వాక్యం చెప్పిన మనిషి. ఆమె పోయి ఆరేళ్లయింది. పుస్తకం మిగిలింది.

మిగలడమంటే అలా ఇలా కాదు. అట్ట ఊడిపోయింది, మూలలు మడతలు పడి నల్లబడ్డాయి. పైగా పుస్తకం నిండా దారాలు. ఎర్రవి, పచ్చవి, పసుపువి, రెండు మూడు రంగులు కలిసినవి. పేజీ అంచుకు వేలెడు లోపల సూదితో రెండు పోట్లు పొడిచి, ముడేసి, కొసలు బయటికి వేలాడేశారు. మగ్గాల ఊరు గనక పేజీలు ఊడకుండా చేతికందిన దారంతో ఎవరో తెలిసీ తెలియక కుట్టారని ప్రణీత అనుకుంది. ఒక సోమవారం పొద్దున పిన్నీసు, చిన్న కత్తెర పట్టుకుని కూర్చుంది. కాగితం చిరగకుండా ఒక్కొక్క ముడే విప్పింది. పూట పట్టింది. ఒళ్లో పోగుపడిన దారాల ముద్దను చెత్తతో పాటు ఊడ్చి పారబోసింది.

మర్నాడు కర్నూలు బస్సెక్కి, అక్కడ షేర్ ఆటో పట్టుకుని కల్లూరు వెళ్లింది. బైండింగ్ పని చేసే అయ్యన్నకు పుస్తకం ఇచ్చి గట్టి అట్ట వేయించింది. ముదురు ఎరుపు గుడ్డ, దాని మీద బంగారు రంగు అక్షరాలు. శనివారం దాన్ని కొత్త రుమాలులో చుట్టి చర్చికి తీసుకెళ్తుంటే పుట్టింటికి చీర తీసుకెళ్తున్నంత సంబరంగా ఉంది ఆమెకు.

పుస్తకాన్ని ముందు స్వర్ణలత అందుకుంది. సమాజానికి సెక్రటరీ ఆవిడే. ఊళ్లో జాకెట్లు కుడుతుంది, మాట కూడా కొలత ప్రకారమే కత్తిరించినట్టు ఉంటుంది. అట్ట చూసి "శానా బాగుండాదమ్మా" అంది. లోపల తెరిచింది. రెండు పేజీలు తిప్పింది, మరో నాలుగు తిప్పింది, తర్వాత గబగబా చివరిదాకా తిప్పేసింది.

"దారాలు యాడమ్మా?"

"తీసేశానండీ. ఎంత మురికి పట్టాయో! ఇప్పుడు పేజీలు ఊడవు, గట్టి కుట్టు వేయించాను" అంది ప్రణీత నవ్వుతూ.

ఎవరూ నవ్వలేదు. చాప మీద కూర్చున్న ఇరవై మంది ఆడవాళ్లూ పుస్తకం వైపే చూస్తున్నారు. భువన అనే పడుచు పిల్ల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"అది మురికి కాదమ్మా" అంది స్వర్ణలత నెమ్మదిగా. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడటం ఎవరూ విని ఉండరు. "మేం కుట్టుకున్నేవి."

అప్పుడు చెప్పింది. ఇది కృపమణి టీచరమ్మ పెట్టిన పద్ధతి. సమాజంలో సగం మందికి చదువు రాదు. కష్టంలో ఉన్నప్పుడు ఏ పాఠం విని ఒకామె తిరిగి లేచి నిలబడిందో, ఆ పాఠం దగ్గర ఆమె తన మగ్గం మీది దారమో, తన చీర కొంగు దారమో తీసి కుట్టుకుంటుంది. మళ్లీ ఎప్పుడైనా గుండె జారితే పుస్తకం పట్టుకొచ్చి, చదువు వచ్చినవాళ్ల ముందు పెట్టి "నా దారం కాడ చదువు" అంటుంది. పాఠం నంబరు తెలియక్కర్లేదు, పేరు తెలియక్కర్లేదు. ఎవరి దారం వాళ్లకు తెలుసు. ఆ ఊళ్లో ఇద్దరు ఆడవాళ్లు మనసు విప్పి మాట్లాడుకునేటప్పుడు "నీ దారం యాడుండాది?" అనే అడుగుతారు.

ప్రణీత చేతులు జోడించింది. "నాకు తెలియదు... తెలియక చేశాను... క్షమించండి" అంది.

"తెలీక చేస్తివి, ఏం చేస్తాము. కూసోమ్మా" అంది వెనక నుంచి ఒక ముసలి గొంతు. మద్దమ్మది. సమాజంలో అందరికన్నా పెద్దామె. మగ్గాలవాళ్ల ఇళ్లకు నూలు కండెలు చుట్టి బతికింది. ఈ మధ్య చిక్కిపోయింది. "వచ్చే గురువారం నాకు ఆపరేషనమ్మా. కడుపులో గడ్డంట. బుధవారమే పోయి కర్నూలు పెద్దాసుపత్రిలో చేరాల. పోయేలోగా నా దారం కాడ రోంతసేపు కూసోని పోదామనుకుంటి. అంతే."

"ఏ పాఠం అవ్వా? చెప్పండి, ఇప్పుడే చదువుతాను."

"గుర్తు లేదమ్మా. దారం చూస్తే తెలుస్తాండె."

"ఏ రంగు దారం?"

"రంగేం లేదు. అద్దకం పెట్టని తెల్లనూలు" అంది మద్దమ్మ. ఇంకేదో చెప్పబోయి, చుట్టూ ఉన్నవాళ్లను చూసి ఊరుకుంది.

ఇంటికి వచ్చాక ప్రణీత అన్నం ముట్టలేదు. ఆమె భర్త హరినాథ్ నెమ్మదస్తుడు. సంగతంతా విని, "తెలిసి చేసిన తప్పు కాదు కదా. క్షమాపణ అడుగు" అన్నాడు.

"అడిగాను. క్షమించారు. అదే కష్టంగా ఉంది."

హరినాథ్ ఆమె పక్కన కూర్చున్నాడు. ప్రార్థన చేద్దామా అన్నాడు. ఆమె అలవాటు ప్రకారం తన డైరీ తెచ్చుకుంది. ఆ డైరీ సంగతి ఒకటి చెప్పాలి. ప్రణీత ప్రార్థన చేస్తే ఊరంతా మెచ్చుకుంటుంది, ఎక్కడా తడబాటు ఉండదు. ఎందుకుంటుంది? అన్నీ రాసిపెట్టుకున్న ప్రార్థనలు. పుస్తకాల్లోంచి ఏరి, అందమైన అక్షరాలతో ఎత్తి రాసుకుని, చూసి చదువుతుంది. నిరుడు ఆషాఢంలో కర్నూలులో ఉండగా ఐదో నెల కడుపు పోయింది. అప్పటి నుంచి ఆమె దేవుడితో సొంత మాట ఒక్కటి మాట్లాడలేదు. నోరు తెరిస్తే ఏం వస్తుందోనని భయం. ఈ సంగతి భర్తకు కూడా తెలియదు. ఈ ఊళ్లోవాళ్లకైతే కడుపు పోయిన సంగతే తెలియదు.

ఆదివారం ఆరాధన అయ్యాక పెరట్లో కూర్చుని పుస్తకం ఊరికే తిప్పుతుంటే, ఒక పేజీలోంచి ఎండ చుక్కలుగా ఆమె చేతి మీద పడింది. ప్రణీత పేజీని ఎత్తి పట్టుకుని చూసింది. అంచుకు వేలెడు లోపల రెండు సూది రంధ్రాలు. పక్క పేజీ చూసింది, లేవు. ఆ పక్కది చూసింది, ఉన్నాయి. దారాలు పోయాయి గానీ సూది పోట్లు ఎక్కడికీ పోలేదు. ఆమె లేచి చెప్పులు కూడా వేసుకోకుండా స్వర్ణలత ఇంటికి పరుగెత్తింది.

ఆ మధ్యాహ్నం నుంచే మద్దమ్మ ఇంటి వసారాలో చదువు మొదలైంది. మద్దమ్మ ఎక్కువసేపు చర్చిలో కూర్చోలేని స్థితిలో ఉంది గనక అందరూ అక్కడికే వచ్చారు. ఎవరి దారం వాళ్లు, ఎవరి సూది వాళ్లు తెచ్చుకున్నారు. మద్దమ్మ ఒక పక్క రాట్నం ముందేసుకుని కండెలు చుడుతూ వింటోంది. రేపోమాపో ఆసుపత్రికి పోయే మనిషికి ఇప్పుడెందుకీ పని అంటే, చేతులు ఊరికే ఉంటే బుద్ధి కడుపులోని గడ్డ మీదికే పోతుందని జవాబిచ్చింది. ప్రణీత రంధ్రాలున్న ప్రతి పేజీ దగ్గరా ఆగి పాఠం చదవాలి. ఎవరి గుండె కదిలితే ఆమె చెయ్యెత్తాలి.

పన్నెండేళ్ల జబ్బుతో గుంపులో దూరి ప్రభువు అంగీ చెంగు ముట్టుకున్న స్త్రీ పాఠం సగంలో ఉండగానే భువన లేచి వచ్చింది. "చాలమ్మా, నాదే" అని పచ్చదారం సూదికి ఎక్కించబోయింది గానీ కళ్లనీళ్లలో సూది బెజ్జం కనపడలేదు. రెండేళ్లు ఆమె ఏ జబ్బుతో ఏ ఆసుపత్రుల చుట్టూ తిరిగిందో అక్కడున్నవాళ్లందరికీ తెలుసు. పక్కనున్నామె ఎక్కించి ఇచ్చింది.

పిండి తొట్టి అడుగంటినా చివరి రొట్టె ఇంకొకరికి పెట్టిన విధవరాలి పాఠం రాగానే స్వర్ణలత పక్కకు తల తిప్పుకుంది. పాఠం అయిపోయాక "మా ఇంటాయన చనిపోయిన ఏడు, ముగ్గురు బిడ్డలు" అని మాత్రం అంది. ఎర్రదారంతో కుట్టింది. ఆమె కుట్టు కదా, ముడి కూడా కనిపించలేదు.

ఒక పాఠం దగ్గర ఇద్దరు తోడికోడళ్లు నాదంటే నాదని తగువుకు దిగారు. ఏళ్లుగా ఒకరినొకరు పలకరించుకోని మనుషులు. ప్రణీత పేజీని ఎండకు పట్టి చూస్తే నాలుగు రంధ్రాలున్నాయి. ఒకే పాఠాన్ని ఇద్దరూ, ఒకరికి తెలియకుండా ఒకరు పట్టుకుని బతికారన్నమాట. ఆ రోజు వసారాలో నవ్వులే నవ్వులు. తోడికోడళ్లు నవ్వలేదు గానీ, కుట్టేటప్పుడు చిన్నామె పేజీని పట్టుకుంటే పెద్దామె కుట్టింది.

నిజం చెప్పాలంటే ప్రణీత ఆ పుస్తకం చదవడం అదే మొదలు. అట్ట వేయించింది గానీ లోపల ఏముందో చూసింది లేదు. ఇవేం పెద్ద చదువులు అనుకుంది. ఇప్పుడు ఒక్కో పాఠం చదువుతూ, ఎదురుగా కూర్చున్న ముఖాలు చూస్తుంటే, ఆ పాతకాలపు 'ప్రియమైన సహోదరీ' అనే పిలుపు నోట్లోంచి ఊరికే రావడం మానేసింది. సోమవారం ఆలయంలో బిడ్డ కోసం శబ్దం లేకుండా పెదవులు కదిపిన తల్లి పాఠం వచ్చింది. దాని మీద కూడా రంధ్రాలున్నాయి. ప్రణీత గొంతు మధ్యలో పట్టేసింది. దగ్గినట్టు నటించి, ఒక పేరా వదిలేసి, కింది పేరా నుంచి చదువుకుంటూ పోయింది. రాట్నం చప్పుడు ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలైంది. మిగతావాళ్లెవరూ గమనించలేదు.

మంగళవారం పొద్దుగూకే వేళకు యాభై రెండు పాఠాలూ అయిపోయాయి. రంధ్రాలున్న ప్రతి పేజీకీ మనిషి దొరికింది. మద్దమ్మ మాత్రం ఒక్క పాఠం దగ్గరా చెయ్యెత్తలేదు.

"ఇవన్నీ విన్నారు కదవ్వా, ఒక్కటీ మీది కాదా? మళ్లీ ఆలోచించండి" అంది ప్రణీత. ఆమెకు ఏడుపొస్తోంది.

"అన్నీ బాగుండాయమ్మా. నాది వీటిల్లో లేదు. పోనీలే, ఇంతమందివి దొరికినాయి గదా" అంది మద్దమ్మ. ఆ మాట మామూలుగానే అంది గానీ, కండె మీద చేతివేళ్లు నిలవడం లేదు. ఆపరేషన్ అంటే ఆమెకు భయంగా ఉంది. ఆ భయాన్ని తీసుకెళ్లి ఆనించుకునే చోటును తాను ఊడ్చి పారబోసిందని ప్రణీతకు ఆ వేళ్లు చూస్తేనే అర్థమైంది.

బుధవారం పది గంటలకు ఆటో వస్తుంది. ప్రణీత తెల్లవారుజామునే లేచి, స్టవ్ మీద పాలు పెట్టి పుస్తకం మళ్లీ మొదటి నుంచి చూసింది. ఏ రంధ్రమూ మిగల్లేదు. చివరికి పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే, వెనక అట్ట లోపలి వైపున బొటనవేలికి ఏదో తగిలింది. జొన్నగింజంత బొడిపె. జిగురు ఉండకట్టిందేమో అనుకుని గోరుతో నొక్కింది. మెత్తగా ఉంది.

పాలు పొంగి స్టవ్ మీద పడుతున్నా లేవలేదు. గుడ్డ తడిపి, అట్టకు అతికించిన కాగితం మీద అద్ది, నానేదాకా ఆగి, అంగుళం అంగుళం ఊడదీసింది. తాను వేయించిన అట్ట ముడతలు పడి పాడైపోయింది. కాగితం వెనక తెల్లనూలు ముడి ఒకటి జిగురులో ఇరుక్కుని ఉంది. అయ్యన్న కొసలు కత్తిరించి పుస్తకం చివరి కాగితాన్ని అట్టకు అతికించేశాడు. రంగు లేని దారం గనక పుస్తకం కుట్టుదారమే అనుకుని ఉంటాడు. ఆమె కూడా అలాగే అనుకుని ఆ రోజు దాని జోలికి పోలేదు.

దొరికిందన్న సంతోషం ఎంతోసేపు నిలవలేదు. కాగితాన్ని అటు తిప్పింది, ఇటు తిప్పింది. దాని మీద ఏమీ లేదు. పాఠం లేదు, ప్రార్థన లేదు, పేజీ నంబరు కూడా లేదు. పుస్తకం చివర ఊరికే వదిలే ఖాళీ కాగితం.

పాపం, చదువు రాని మనిషి, తెలియక ఖాళీ కాగితానికి కుట్టుకుంది. ఎవరు చెప్తారు ఈ మాట, అదీ ఆపరేషన్‌కు వెళ్లే రోజున? ప్రణీత చెప్పదలుచుకోలేదు. యాభై రెండు పాఠాల్లోంచి మంచి మంచి మాటలు ఏరి, ఒక పాఠంలాగా మనసులో కూర్చుకుంది. ఆ కాగితం ముందు పెట్టుకుని, అందులో ఉన్నట్టే చదివేస్తుంది. అబద్ధమే, కానీ ఎవరికీ చెరుపు చేయని అబద్ధమని దారి పొడుగునా తనకు తనే సర్దిచెప్పుకుంది.

మద్దమ్మ ఉతికిన చీర కట్టుకుని, గుడ్డల సంచి పక్కన పెట్టుకుని వసారాలో కూర్చుని ఉంది. ఆమె కోడలు లోపల ఆసుపత్రి కాగితాలు సర్దుతోంది. ప్రణీత వెళ్లి పక్కన కూర్చుని పుస్తకం తెరిచి ముడి చూపించింది. మద్దమ్మ ఆ ముడిని వేలితో తడిమింది. ముఖం విప్పారింది.

"ఇదే, ఇదేనమ్మా!"

ప్రణీత గొంతు సవరించుకుంది. కాగితం మీద చూపు నిలిపి తన చదివే గొంతుతో మొదలుపెట్టింది. "ప్రియమైన సహోదరీ, నీ భయమంతా ఎరిగిన ప్రభువు..."

మద్దమ్మ అరచెయ్యి వచ్చి కాగితం మీద పడింది.

"ఏం చదువుతాండావు పాపా?"

"మీ పాఠమే అవ్వా."

"ఆడ అచ్చరాలు యాడుండాయి?"

ప్రణీత పుస్తకం మూయబోయింది.

"నాకు చదువు రాదు గానీ కండ్లు కనపడతాయి. నలభై ఏండ్లు నూలు చుట్టినదాన్ని, తెలుపేదో నలుపేదో తెలీదా?" మద్దమ్మ నవ్వుతోంది. కోపం లేదు ఆ నవ్వులో. "మా పాపకు అప్పుడు పదకొండేండ్లు. జరమని మూడు దినాలు పండుకొనె. నాలుగో దినం లేదు. టీచరమ్మ ఈ పుస్తకం చంకన పెట్టుకోని వచ్చె. ఆడ తీసె, ఈడ తీసె. ఏ పాఠం తీసినా ఆమెకే చదవబుద్ధి కాలే. తిప్పి తిప్పి ఈ కాగితం కాడికి వచ్చి నిలిచిపాయ. 'మద్దమ్మా, నీకు చెప్పేదానికి నా కాడ ఏమీ లేదే. ఎందుకిట్ల జరిగిందో నాకు తెలీదు' అనె. ఊరూరా ధైర్యం చెప్పే మనిషి, ఆ మాట అని బోరున ఏడ్చె. పుస్తకం పక్కన పెట్టి పొద్దుగుంకే దాకా నాతోనే కూసునె. రాట్నం ముందరేసుకోని నా కండెలన్నీ ఆమే చుట్టె, వంకరటింకరగా. ఆ దినం దేవుడు నా ఇంట్లో లేకుండె అని ఎవురన్నా అంటే నేనొప్పుకోను. ఉండె. ఆమె పక్కనే కూసోనుండె."

ముడిని మళ్లీ వేలితో తడిమి, "వారం పోయినాంక ఈడ్నే కుట్టుకుంటి. ఖాళీ కాగితానికి కుట్టుకునిందని నవ్వుతారని ఎవురికీ చెప్పలే" అంది.

"మరి మూడు రోజులు నన్నెందుకు వెతకనిచ్చారు అవ్వా?"

"నువ్వు చదువుతాంటే ఎవురి దారం కాడ వాళ్లు ఏడ్చుకోని, నవ్వుకోని పోతాండిరి. దాన్ని నేనెందుకు ఆపుదును?" మద్దమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "గుళ్లో పెదవులు కదిలించినామె కాడ నీ గొంతు పట్టుకునింది. రోంత ఇడిసిపెట్టి చదివితివి. ఆ పాఠం నాకు నోటికొచ్చు పాపా. ఏమైంది నీకు?"

అమ్మా అనలేదు. పాపా అంది. అంతే, ఏడాదిగా డైరీ పేజీల మధ్య అదిమి పెట్టిందంతా ఒక్కసారిగా బయటికొచ్చేసింది. ఐదో నెల అనీ, ఆడపిల్ల అని చెప్పారనీ, ముఖం చూపించమంటే వద్దన్నారనీ, ఊయల కొనిపెట్టుకున్నామనీ, ఏదీ వరసలో లేకుండా చెప్పింది. మద్దమ్మ ఏ ఓదార్పూ చెప్పలేదు. ప్రణీత తల తన భుజానికి ఆనించుకుని, రాట్నం తిప్పీ తిప్పీ కాయలు కాసిన చేత్తో వీపు రాస్తూ కూర్చుంది. ఆమె కళ్లలోంచి కూడా నీళ్లు కారుతున్నాయి, ఇరవై రెండేళ్ల కిందటి బిడ్డ కోసమో, ఈ బిడ్డ కోసమో.

కొంతసేపటికి మద్దమ్మ "ప్రార్థన చెయ్యి పాపా, నేను పోవాల" అంది.

డైరీ ఇంట్లోనే ఉండిపోయింది. ప్రణీత కళ్లు మూసుకుంది. చాలాసేపు ఏమీ రాలేదు. తర్వాత "ప్రభువా, నాకు నీ మీద కోపంగా ఉంది" అంది. అన్నాక తనే ఉలిక్కిపడింది. ఆకాశం విరిగి మీద పడలేదు. మద్దమ్మ చెయ్యి వీపు మీదే ఉంది. "అవ్వకు భయంగా ఉంది. నాకూ భయంగా ఉంది. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. వచ్చి మా దగ్గర కూర్చో" అంది. అంతే ప్రార్థన. ఆమేన్ ఇద్దరూ ఒకేసారి అన్నారు.

బయట ఆటో హారన్ మోగింది. మద్దమ్మ లేచి, రాట్నం పక్కనున్న కండె ఒకటి తీసి ప్రణీత చేతిలో పెట్టింది. తెల్లనూలు, రంగు అద్దనిది.

"నువ్వు గూడా కుట్టుకో పాపా. ఈ కాగితంలో చోటు శానా ఉండాది."

ప్రణీత ఆమెతో పాటే ఆటో ఎక్కింది. గురువారం పొద్దున మద్దమ్మను ఆపరేషన్‌కు తీసుకెళ్లాక, ఆసుపత్రి వరండాలో బల్ల మీద కోడలి పక్కన కూర్చుని పుస్తకం ఒళ్లో తెరుచుకుంది. ముడతలు పడిన అట్టను చూసి ఎవరైనా అయ్యో అనుకునేవారే. ఆమెకు కుట్టుపని సరిగా రాదు. సూది రెండుసార్లు వేలిలో దిగింది. ముడి లావుగా, వంకరగా వచ్చింది. దాన్ని సరిచేయడానికి కత్తెర కోసం సంచిలో చెయ్యి పెట్టి, మళ్లీ ఊరుకుంది. అలాగే ఉండనిచ్చింది.

గడ్డ తీసేశారు. సాయంత్రానికి లోపలికి వెళ్లనిచ్చారు. మద్దమ్మ పెదవులు ఎండిపోయి ఉన్నాయి, కళ్లు సగమే తెరిచింది. ప్రణీత వంగి ఆమె నోటి దగ్గర చెవి పెట్టింది.

"కుట్టినావా పాపా?"

"కుట్టానవ్వా."

"యాడ?"

"నీ పక్కనే."